మబ్బు పట్టిన రోజున సీతాకోకచిలుకలు

ఇది ఒక అభిప్రాయ వ్యాసం. అభిప్రాయ వ్యాసంలో రచయిత తాను నమ్మిన ఒక మాట చెబుతాడు. అది ఎందుకు సరైనదో కారణాలు చూపుతాడు. ఎదుటివారి ఆక్షేపణలకు జవాబు చెబుతాడు. ఈ వ్యాసం చదువుతూ ఆ మూడింటినీ గుర్తించండి. రచయితతో మీరు ఏకీభవించి తీరాలన్న నియమం లేదు.

1. సెలవులూ మబ్బులూ కలిసే వస్తాయి

సూరత్ నగరంలో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి నేతపని కోసం వెళ్ళి అక్కడే స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎక్కువ. లింబాయత్ వీధుల్లో నడుస్తుంటే ఒకవైపు సాంచెల చప్పుడు, ఇంకొకవైపు తెలుగు మాటలు వినిపిస్తాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది.

ఈ కుటుంబాల పిల్లలకు వేసవి సెలవులు మే నెలలో మొదలై జూన్ మొదటి రోజుల దాకా ఉంటాయి. కొందరు సొంత ఊళ్ళకు పోతారు. పోలేని వాళ్ళు ఇరుకు గదుల్లో, ఇనుప రేకుల కింద గడుపుతారు. తల్లిదండ్రులకు పన్నెండు గంటల పాళీ. దొరికే తీరిక వారానికి ఒక పూట. ఆ ఒక్క పూట పిల్లలను ఎటైనా తీసుకుపోదామంటే ఆకాశం ఒప్పుకోదు. మే నెలలో ఎండ మండిపోతుంది. జూన్ వచ్చేసరికి సముద్రం మీదుగా మబ్బులు కమ్ముతాయి. దక్షిణ గుజరాత్‌లో నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ మధ్యలో అడుగుపెడతాయి. దానికి ముందు రెండు మూడు వారాల పాటు వాతావరణం నిలకడగా ఉండదు. ఒక గంట ఎండ, ఒక గంట మబ్బు, ఒక జల్లు, మళ్ళీ ఉక్కపోత.

“ఈ వాతావరణంలో పిల్లలతో బయటికి ఏం పోతాం?” అని చాలామంది మానుకుంటారు. నా అభిప్రాయం ఇందుకు వేరు. పిల్లలకు సీతాకోకచిలుకలను చూపించడానికి ఈ నిలకడలేని రోజులే మంచివి. అంతేకాదు, చూపించడానికి చదువుకున్నవాళ్ళే కావాలని లేదు. చదువు మధ్యలో ఆగిపోయిన తల్లిదండ్రులు ఈ పని ఎంతో బాగా చేయగలరు.

2. ఒక ఆదివారం

ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వల్ల కలగలేదు. ఒక జూన్ ఆదివారం ఉదయం మేము నలుగురు పిల్లలతో డుమస్ రోడ్డు వైపు గవియర్ చెరువుకు బయలుదేరాము. వెంట ఆ పిల్లల్లో ఇద్దరి తండ్రి కూడా ఉన్నాడు. ఆయన ఐదో తరగతితో బడి మానేసిన సాంచెల కార్మికుడు. రాత్రి పాళీ దిగి, నిద్ర కూడా పోకుండా వచ్చాడు.

చేరేసరికి ఎండగా ఉంది. జిల్లేడు చెట్ల చుట్టూ నారింజ రంగు సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయి. పిల్లలు “పతంగియు, పతంగియు” అని గుజరాతీలో అరుస్తూ వాటి వెంట పడ్డారు. పావుగంటలో మబ్బు కమ్మింది. చూస్తుండగానే సీతాకోకచిలుకలు మాయమయ్యాయి. పిల్లల ముఖాలు వాడిపోయాయి. “సార్, వానొస్తది, ఇంటికి పోదామా?” అన్నాడు పెద్దవాడు. నేను కూడా సరేననబోయాను.

తండ్రి మాత్రం కదలలేదు. “యాడికి పోతయిరా? మన లెక్కనే వానకు దాక్కుంటయి. ఆకుల కింద చూడుండ్రి” అన్నాడు. అందరం వంగి చూశాము. ఒక ఎండుపుల్ల కింద రెక్కలు మూసుకుని ఒకటి వేలాడుతోంది. ఎండలో ఒక్క క్షణం కూడా నిలవని ప్రాణి, మబ్బులో జానెడు దూరం నుండి చూసినా కదలలేదు. దాని రెక్కల అంచున నల్లని గీతలను, ఆ నలుపులో తెల్లని చుక్కలను పిల్లలు మొదటిసారి నింపాదిగా చూశారు. “బాపూ, ఇది చీర అంచు లెక్క ఉన్నది” అంది చిన్నపిల్ల.

ఆ మాట విన్న తండ్రి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. బడి మానేసినందుకు జీవితమంతా తలవంచుకున్న మనిషి, ఆ రోజు పిల్లలకు గురువయ్యాడు.

3. మబ్బుకూ రెక్కకూ ఉన్న సంబంధం

ఆయన చెప్పింది సరిగ్గా శాస్త్రం చెప్పేదే. మన ఒంటి వేడి ఎండలోనైనా వానలోనైనా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. సీతాకోకచిలుకకు అలా ఉండదు. దాని శరీరం బయటి వేడిని బట్టి వేడెక్కుతుంది, చల్లబడుతుంది. ఎగరడానికి కావలసిన వేడి ఎండ నుండే తీసుకోవాలి. అందుకే ఉదయం పూట చాలా సీతాకోకచిలుకలు రెక్కలు పరచుకుని ఎండకు కూర్చుంటాయి. కొన్ని పసుపురంగువి రెక్కలు మూసుకుని, పక్కకు వాలి ఎండ కాచుకుంటాయి. మబ్బు పట్టగానే ఆకుల చాటుకు చేరతాయి. మిట్టమధ్యాహ్నం ఎండ మరీ ఎక్కువైనా నీడకే పోతాయి.

జల్లు వెలిసిన తరువాత ఇంకొక వింత కనబడుతుంది. తడిసిన మట్టి మీద, గుంటల అంచున సీతాకోకచిలుకలు గుంపుగా వాలతాయి. అవి నీటితోపాటు మట్టిలోని లవణాలను పీల్చుకుంటాయి. ఇలా వాలేవాటిలో మగవే ఎక్కువ. పూల తేనెలో లవణాలు చాలవు కాబట్టి వాటికి ఈ బురద అవసరం. మేము చెరువు దగ్గర ఆగినందువల్లే ఆ రోజు ఈ దృశ్యం చూడగలిగాము. ఇంటికి తిరిగిపోయి ఉంటే పిల్లలకు దక్కేది సగం పాఠమే.

రుతువు మారితే కొన్ని సీతాకోకచిలుకల వేషం కూడా మారుతుంది. పీకాక్ పాన్సీ అనే నారింజ రంగు సీతాకోకచిలుక రెక్కల మీద నెమలి కన్నుల్లాంటి గుర్తులుంటాయి. వానకాలంలో పుట్టిన వాటికి రెక్కల కింది వైపున కూడా ఆ కన్నులు స్పష్టంగా కనబడతాయి. ఎండకాలంలో పుట్టిన వాటికి కింది వైపు ఎండుటాకులా ఉంటుంది. ఎండిన ఆకుల మధ్య అది వాలితే గుర్తుపట్టడం కష్టం. జాతి ఒకటే, వేషాలు రెండు. మే నెలలో ఒకసారి, వానలు కుదురుకున్నాక ఇంకొకసారి చూసి పోల్చుకోవచ్చు.

4. మూడు ఆక్షేపణలు

మొదటిది: “పిల్లలు జబ్బు పడతారు.” ఈ భయం అర్థం లేనిది కాదు. గుజరాత్ ఎండను తేలికగా తీసుకోరాదు. 2010లో అహ్మదాబాద్‌ను తీవ్రమైన వడగాడ్పులు పట్టి పీడించాయి. ఆ అనుభవంతో 2013లో ఆ నగరం వడదెబ్బ నివారణకు ఒక ప్రణాళిక తయారు చేసుకుంది. దక్షిణాసియాలో అటువంటి ప్రణాళిక అదే మొదటిది. తుఫానుల సంగతీ అంతే. 2021 మే 17న తౌక్టే తుఫాను సౌరాష్ట్ర తీరాన్ని తాకింది. 2023 జూన్ 15న బిపర్‌జాయ్ తుఫాను కచ్ తీరాన్ని దాటింది. కాబట్టి వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజున బయటికి పోకూడదు. అందులో వాదన లేదు. నేను చెప్పేది మామూలు మబ్బు గురించి, మామూలు జల్లు గురించి. ఆ రెంటికీ ప్రమాదానికీ తేడా తెలుసుకోవడం కూడా పిల్లలు నేర్వవలసిన చదువే.

రెండవది: “దీనివల్ల అన్నం వస్తుందా?” రాదు. కానీ కన్ను పదునెక్కుతుంది. సాంచె మీద వేల పోగుల్లో తెగిన ఒక్క పోగును కనిపెట్టే కన్ను ఎంత విలువైనదో నేతపనివారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆగి చూడటం, రెండింటిని పోల్చడం, తేడా చెప్పడం, చూసినదాన్ని నాలుగు మాటల్లో రాయడం – ఇవే కదా చదువుకు పునాది. మీరు ఈ పాఠాలలో చేస్తున్నదీ అదే.

మూడవది: “మాకు వాటి పేర్లు తెలియవు.” ఇది చాలామంది సిగ్గుపడుతూ చెప్పే మాట. భారతదేశంలో 1300కు పైగా సీతాకోకచిలుక జాతులున్నాయి. అన్నింటి పేర్లు తెలిసినవారు ఎంతమంది ఉంటారు? పేరుకంటే ముందు మొక్క తెలియాలి. మొక్కలు మీకు తెలుసు. జిల్లేడు మీద గుడ్లు పెట్టే నారింజ రంగుది ప్లెయిన్ టైగర్. దాని గొంగళిపురుగు జిల్లేడు ఆకులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. అందుకే పక్షులు ఆ సీతాకోకచిలుకను తినవు. రేల చెట్టు మీద లేత పసుపు, తెలుపు కలిసిన కామన్ ఎమిగ్రెంట్ గుడ్లు పెడుతుంది. ఆముదం మీద కాస్టర్ సీతాకోకచిలుక, గన్నేరు మీద నల్లని కామన్ క్రో పెరుగుతాయి. మన ఊళ్ళలో పుట్టి పెరిగినవారు ఈ మొక్కలన్నింటినీ దూరం నుండే గుర్తుపడతారు. సూరత్‌లో పుట్టిన పిల్లలకు జిల్లేడు ‘ఆకడో’, రేల ‘గరమాళో’. ఆ పేర్ల పక్కన తెలుగు పేరు నిలిపేది మీరే. మీరు చెప్పకపోతే ఆ మాటలు మీ ఇంట్లో మీతోనే ఆగిపోతాయి.

5. బయటికి పోలేని రోజు

వాన ఎడతెరిపి లేకుండా కురిస్తే ఏమి చేయాలి? గుమ్మం ముందు కుండీలో కరివేపాకు మొక్క ఉంటే చాలు. కామన్ మోర్మాన్ అనే నల్లని సీతాకోకచిలుక దాని మీద గుడ్లు పెడుతుంది. చిన్న గొంగళిపురుగు పిట్టరెట్టలా కనబడుతుంది. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. తాకితే తల వెనుక నుండి ఎర్రని కొమ్ముల్లాంటివి చాచి ఘాటైన వాసన వదులుతుంది. తరువాత కొమ్మకు అంటుకుని గూటిపురుగు అవుతుంది. కొన్నాళ్ళకు అందులో నుండి సీతాకోకచిలుక వస్తుంది. ఈ కథ అంతా గడప దాటకుండానే చూడవచ్చు. ఇందుకు మీరు చేయవలసిన త్యాగం కొన్ని కరివేపాకు రెమ్మలు మాత్రమే. ఆకులు కొరికిందని పురుగుమందు చల్లితే ఆ కథ అక్కడే ముగుస్తుంది.

నగరాలలో పచ్చదనం అంటే నున్నగా కత్తిరించిన గడ్డి అని ఒక అభిప్రాయం బలపడింది. అది సరికాదు. గడ్డిచామంతి, జిల్లేడు, ఆముదం వంటి వాటిని పిచ్చిమొక్కలని పీకేస్తే సీతాకోకచిలుకకు తేనె ఉండదు, గుడ్డు పెట్టే చోటూ ఉండదు. ఉద్యానవనంలో ఒక మూలనైనా వాటిని వదిలేయాలని నగరవాసులు అడగాలి.

6. లెక్క రాసి పెట్టండి

ఇంగ్లండులో వేసవి వాతావరణం మనకంటే నిలకడలేనిది. అక్కడ 2010 నుండి ఏటా వేసవిలో ప్రజలు ఒకచోట పదిహేను నిమిషాలు నిలబడి, కనబడిన సీతాకోకచిలుకలను లెక్కిస్తున్నారు. పిల్లలు, ముసలివారు అందరూ పాల్గొంటారు. 2023లో ఒక్కొక్క లెక్కింపులో సగటున 12 కనబడ్డాయి. 2024లో వసంతం తడిగా, వేసవి చల్లగా సాగింది. ఆ ఏడు సగటు 7కు పడిపోయింది. మామూలు మనుషులు రాసిన చిన్న చిన్న లెక్కల వల్లే ఈ సంగతి లోకానికి తెలిసింది.

మనమూ ఒక నోటుపుస్తకంలో ఇలా రాయవచ్చు: తేదీ, సమయం, ఎండా మబ్బా, ఏ మొక్క దగ్గర, ఎన్ని. పెద్దలు అక్షరాలు రాస్తే పిల్లలు బొమ్మలు గీయవచ్చు. కొత్తగా చదువుకుంటున్న వారికి ఇంతకంటే మంచి రాత పని లేదు.

7. బయలుదేరే ముందు

ఉదయం ఏడు నుండి పది లోపు వెళ్ళి రండి. నీళ్ళు, టోపీ, ఒక గొడుగు ఉంచుకోండి. ఉరుము వినిపిస్తే చెట్టు కింద నిలబడకండి, పక్కా కట్టడంలోకి వెళ్ళండి. చివరి ఉరుము తరువాత అరగంట ఆగి బయటికి రండి. జిల్లేడు పాలు కంటికి హాని చేస్తాయి, పిల్లలను తుంచనివ్వకండి. సీతాకోకచిలుకలను పట్టుకోనివ్వకండి. వేళ్ళకు అంటే ఆ రంగుపొడి దాని రెక్కల పొలుసులే. అవి రాలితే మళ్ళీ రావు. మన చిన్నతనంలో తూనీగ తోకకు దారం కట్టి ఆడాము. ఆ ఆట పిల్లలకు నేర్పవలసిన పని లేదు.

ఆకాశం పూర్తిగా తేరుకునే రోజు కోసం ఎదురు చూస్తే సెలవులు అయిపోతాయి. పిల్లలు పెద్దవాళ్ళవుతారు. మీకు దొరికిన ఆ ఒక్క పూటలో మబ్బు పట్టినా సరే, బయలుదేరండి. ఆకుల కింద చూడమని చెప్పండి.

ఆలోచించి రాయండి

1. ఈ వ్యాసంలో రచయిత ముఖ్యంగా చెప్పదలచిన మాట ఏమిటి? రెండు వాక్యాలలో రాయండి.
2. మబ్బు పట్టగానే సీతాకోకచిలుకలు ఎందుకు కనబడకుండా పోతాయి?
3. రచయిత జవాబు చెప్పిన మూడు ఆక్షేపణలు ఏవి? వాటిలో ఏ జవాబు మీకు తృప్తినివ్వలేదు? ఎందుకు?
4. మీకు తెలిసిన ఐదు మొక్కల పేర్లు రాయండి. ఒక వారం పాటు వాటిని గమనించి, వాటి మీద వాలిన సీతాకోకచిలుకల గురించి పది వాక్యాలు రాయండి.