ఊపిరితిత్తి మిగిల్చే ఆపరేషన్ కేజీఎఫ్ కార్మికుడికి అందుతుందా?

కోలార్ బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కానీ లోపల పీల్చిన రాతి దుమ్ము మనవాళ్ల ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. 1940ల్లోనే ఇక్కడ 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే దాదాపు 44 శాతం మందికి సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. ఆ సిలికా దుమ్ము క్యాన్సర్‌కు కూడా కారణమని 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది.

అందుకే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్‌లో వచ్చిన మార్పును మనం తెలుసుకోవాలి. కుడి ఊపిరితిత్తిలో మూడు, ఎడమ దాంట్లో రెండు పెద్ద భాగాలు ఉంటాయి. వాటిని లోబ్‌లంటారు. ప్రతి లోబ్‌లోనూ చిన్న సెగ్మెంట్లు ఉంటాయి. ఒక్కోదానికి సొంత గాలిగొట్టం, సొంత రక్తనాళం. గడ్డ చిన్నదైనా ఇదివరకు లోబ్ మొత్తం తీసేవారు. గడ్డ 2 సెంటీమీటర్ల లోపు ఉన్న 1,106 మందిపై జపాన్ వైద్యులు చేసిన పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. ఐదేళ్ల తర్వాత సెగ్మెంట్ మాత్రమే తీసినవారిలో 94.3 శాతం, లోబ్ తీసినవారిలో 91.1 శాతం బతికి ఉన్నారు. అయితే జబ్బు అక్కడే తిరగబెట్టడం సెగ్మెంట్ తీసినవారిలోనే ఎక్కువ: 10.5 శాతం, రెండోవారిలో 5.4. కాబట్టి ఎవరికి ఏది తగునో డాక్టరే తేల్చాలి.

అసలే ఆయాసపడే గని కార్మికుడికి మిగిలే ప్రతి ముక్కా విలువైనదే. కానీ అతనికి ఈ ఆపరేషన్ చేయడమూ కష్టమే. రక్తనాళాల అమరిక మనిషి మనిషికీ మారుతుంది. పైగా సిలికోసిస్‌లో శోషరస గ్రంథులు గట్టిపడి ఆ నాళాలకు అతుక్కుపోతాయి. విడదీయడానికి బాగా చెయ్యి తిరిగిన సర్జన్ కావాలి. బెంగళూరు కిద్వాయ్ వంటి పెద్దాసుపత్రికి వెళ్లక తప్పదు.

అంతకంటే ముఖ్యం, గడ్డ చిన్నగా ఉండగానే దొరకాలి. సిలికోసిస్ మచ్చల మధ్య చిన్న గడ్డ మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. తక్కువ రేడియేషన్ సీటీ స్కాన్‌తో బాగా పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని 2011లో అమెరికా పరిశోధన చెప్పింది. మాజీ గని కార్మికులకు ఈ స్కాన్ ఉచితంగా, కోలార్ జిల్లాలోనే చేయాలని తెలుగు, తమిళ, కన్నడ సంఘాలన్నీ కలిసి ప్రభుత్వాన్ని అడగాలి.

ఈలోగా ఒక పని మన చేతిలోనే ఉంది. ఇంట్లో గనిలో పనిచేసిన పెద్దవారుంటే, వారి సర్వీసు కాగితాలు భద్రపరచండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, ఎన్నేళ్లు భూగర్భంలో పనిచేశారో ముందుగా ఆ మాటే చెప్పండి.