ముందు గురువులు, తర్వాత భవనం

ఉస్మానియా విశ్వవిద్యాలయం అనగానే గుర్తొచ్చేది గులాబీ రంగు గ్రానైట్‌తో కట్టిన ఆర్ట్స్ కాలేజీ. ఆ భవనం ప్రారంభమైంది 1939 డిసెంబరులో. అప్పటికే ఉస్మానియాలో పాఠాలు మొదలై ఇరవై ఏళ్లు. 1919లో గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె భవనాల్లో తరగతులు పెట్టారు. అంతకన్నా ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది.

ఈ వరుసే ఆలోచించదగినది. దేశంలోని విశ్వవిద్యాలయాలు చాలావరకు ఇంగ్లిషులోనే బోధిస్తున్న కాలమది. ఉన్నత విద్యను దేశభాషలో చెప్పాలని నిజాం ప్రభుత్వంలోని అక్బర్ హైదరీ ప్రతిపాదిస్తే ఏడో నిజాం ఒప్పుకున్నారు. కానీ ఉర్దూలో భౌతికశాస్త్రానికి, వైద్యానికి, ఇంజనీరింగుకు పాఠ్యపుస్తకాలేవి? పారిభాషిక పదాలేవి? అందుకే ముందు పండితులను పిలిపించి, జీతాలిచ్చి కూర్చోబెట్టారు. మౌల్వీ అబ్దుల్ హక్ ఆ పని నడిపించారు. పుస్తకాలు వందల్లో తయారయ్యాయి.

అందులోని అన్యాయాన్నీ చెప్పుకోవాలి. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు, తర్వాత మరాఠీ, కన్నడం. వాళ్లకు ఉర్దూ సొంత నుడి కాదు. రాయప్రోలు సుబ్బారావు వంటి కవి తెలుగు శాఖను నడిపినా తెలుగు ఒక పాఠ్యాంశంగానే మిగిలింది. 1948లో హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిశాక ఉర్దూ స్థానంలోకి ఇంగ్లిషు వచ్చింది.

ప్రశ్నించే పిల్లలూ అక్కడి నుంచే వచ్చారు. 1938లో వందేమాతరం పాడినందుకు బహిష్కరణకు గురైన విద్యార్థులు నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. 1969లో, మళ్లీ 2009లో తెలంగాణ ఉద్యమానికి ఈ ప్రాంగణమే గుండెకాయ అయింది. పరిశోధనకూ అప్పట్లో లోటు లేదు. నిజామియా వేధశాల వారసత్వంతో 1968లో జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ నెలకొల్పారు.

అలాంటి చోట ఇవాళ అసలు లోటు గురువులదే. తెలంగాణ వచ్చాక ఏళ్ల తరబడి శాశ్వత అధ్యాపకుల నియామకాలు జరగలేదు. పదవీ విరమణలు మాత్రం ఆగలేదు. తరగతులను కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులు మోస్తున్నారు. పాఠం వరకు వాళ్లు చెప్పగలరు, చక్కగానే చెబుతున్నారు. పరిశోధన సంగతి వేరు. యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ గైడ్‌గా ఉండాల్సింది శాశ్వత అధ్యాపకులే. ఒక ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మార్గదర్శనం చేయవచ్చు. ఒక ప్రొఫెసర్ పోస్టు ఖాళీగా ఉందంటే 8 మంది పరిశోధక విద్యార్థులకు తలుపు మూసినట్టే.

ఆ తలుపు ఎవరికి మూసుకుంటోందో కూడా చూడాలి. ఉస్మానియా హాస్టళ్లలో ఉండి చదివేవాళ్లలో పాలమూరు, నల్లగొండ, మెదక్ పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఎందరో. ప్రైవేటు విశ్వవిద్యాలయాల ఫీజులు కట్టే స్తోమత ఆ ఇళ్లలో చాలావాటికి లేదు. ప్రభుత్వం కొత్త హాస్టళ్లు కడితే సంతోషమే, అవీ కావాలి. కానీ ఈ విద్యా సంవత్సరంలో ముందుగా కదలాల్సింది నియామకాల ఫైలు.