బల్ల తీశాక జ్వరమొస్తే?

‘కడుపులో బల్ల’ అంటే పాతతరం వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఎడమ డొక్కలో గట్టిగా చేతికి తగిలే ఆ వాపు ప్లీహానిది. ఒకప్పుడు ఊళ్లో ఎంతమంది పిల్లలకు బల్ల ఉందో లెక్కపెట్టి మలేరియా తీవ్రతను అంచనా కట్టేవారు. ఇప్పుడు స్కానింగ్‌లో అక్కడే లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) వంటి గడ్డలూ బయటపడుతున్నాయి.

గడ్డ కనబడగానే ప్లీహం తీసేయాలని లేదు. కొన్ని గడ్డలను కనిపెట్టుకుని ఉంటే చాలు, లింఫోమాకు చాలాసార్లు మందులే ముందు. తీయక తప్పనప్పుడు చిన్న రంధ్రాలతో తీసే పద్ధతి 1991లో ఫ్రాన్స్‌లో మొదలైంది. అంతకు ఏడాది ముందే ముంబయి జేజే ఆసుపత్రిలో డాక్టర్ తెహెంతన్ ఉద్వాడియా పిత్తాశయాన్ని ఇలా తీసి మన దేశానికి ఈ దారి చూపించారు.

రోగిని కుడిపక్కకు తిప్పి పడుకోబెడతారు. మూడు నాలుగు రంధ్రాలు పెట్టి, పొట్టలో గ్యాస్ నింపి, కెమెరాలో చూస్తూ రక్తనాళాలను స్టేప్లర్‌తో మూసి కోస్తారు. ఊడిన ప్లీహాన్ని లోపలే ఒక ప్లాస్టిక్ సంచిలోకి జార్చి, సంచి మూతిని బయటికి లాగి, నలిపి ముక్కలుగా తీస్తారు. గడ్డ ఉన్నప్పుడు తిరకాసంతా ఇక్కడే! సంచి చిరిగిందా, గడ్డ కణాలు పొట్టంతా చల్లినట్టే. మరీ నలిపేస్తే అది ఏ రకం గడ్డో పాథాలజిస్టు తేల్చడం కష్టం. అందుకే అనుమానం ఉన్నచోట ఇంకాస్త కోత పెట్టి ప్లీహాన్ని చెక్కుచెదరకుండా తీస్తారు. గుప్పెడంత ఉండాల్సింది 20 సెంటీమీటర్లు దాటితే చేయి లోపలికి పెట్టి చేయడమో, మామూలుగా పొట్ట కోయడమో మేలు. కోత పడిందంటే సర్జన్‌కు చేతగాలేదని కాదు.

అసలు గండం ఇంటికొచ్చాక. ప్లీహం లేని ఒంట్లో న్యుమోకోకస్ వంటి సూక్ష్మజీవులు గంటల్లో ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే న్యుమోకోకస్, మెనింజోకోకస్, హిబ్ టీకాలను వీలైతే ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే వేయాలి.

మరి ఈ టీకాల ఖర్చు ఎవరిది? మన జమ్మలమడుగు, పులివెందులకు వైద్యం కొత్త కాదు. వైఎస్ రాజశేఖరరెడ్డి జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసరుగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి పెట్టారు. ముఖ్యమంత్రిగా 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో అదిప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు ఏదైనా, పేదవాడి ఆపరేషన్ బిల్లుతో పాటు ఈ టీకాల ఖర్చూ సర్కారే భరించాలి. ఆపరేషన్ తిరుపతిలోనో వెల్లూరులోనో జరుగుతుంది, అర్ధరాత్రి జ్వరం మాత్రం ఊళ్లోనే వస్తుంది. ‘ఈ మనిషికి ప్లీహం లేదు’ అని రాసిన కార్డు ఒకటి డిశ్చార్జి రోజే జేబులో పెట్టి పంపాలి.

ఆ మనిషికి చలిజ్వరం వస్తే ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. కార్డు పట్టుకుని నేరుగా ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికో, దగ్గర్లోని మరో పెద్దాసుపత్రికో ఆ రాత్రే తీసుకెళ్లండి.