వెల్లుల్లి రెబ్బా? లవంగమా?

ఈ వారం వంటింట్లో నాకు జరిగిన పరాభవంతో మొదలుపెడతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. నవ్వుకున్నాక మాత్రం చివరిదాకా చదవండి.

పెళ్ళయిన కొత్తలో మా వారి ఆఫీసువాళ్ళు నలుగురు భోజనానికి వచ్చారు. ఎప్పుడూ చేసే చారు కాకుండా టొమేటో సూప్ చేసి మెప్పిద్దామని నా సరదా. పక్కింటావిడ దగ్గర ఇంగ్లీషు వంటల పుస్తకం అరువు తెచ్చుకున్నాను. అందులో సామాన్ల వరుసలో '6 క్లోవ్స్ గార్లిక్' అని ఉంది. క్లోవ్స్ అంటే లవంగాలు, గార్లిక్ అంటే వెల్లుల్లి. మధ్యలో కామా అచ్చు తప్పిపోయిందేమో అనుకుని, ఆరు లవంగాలూ దంచి వేశాను, ఓ వెల్లుల్లి గడ్డ మొత్తం కూడా వేశాను. వచ్చినవాళ్ళలో పెద్దాయన ఒకరు రెండు చెంచాలు తాగి, "అమ్మా, వారం నుంచి పన్ను సలుపుతోంది, ఇప్పుడు కాస్త నయంగా ఉంది" అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. నేను మళ్ళీ వంటింట్లోంచి బయటికి రాలేదు.

'ఎ క్లోవ్ ఆఫ్ గార్లిక్' అంటే వెల్లుల్లి రెబ్బ అని తర్వాత తెలిసింది. ఒకేలా వినిపించినా ఆ రెండు మాటలూ వేరు. లవంగం పేరు 'మేకు' అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. లవంగాన్ని పట్టుకుని చూడండి, చిన్న మేకులాగే ఉంటుంది. వెల్లుల్లి రెబ్బ పేరేమో 'చీలడం' అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాటకి చుట్టం. గడ్డ చీలి రెబ్బలవుతుంది కదా మరి! మొత్తం గడ్డనైతే 'హెడ్ ఆఫ్ గార్లిక్' అనో, 'బల్బ్ ఆఫ్ గార్లిక్' అనో అంటారు.

ఇంగ్లీషువాళ్ళకి ఇదేం పిచ్చి, ఒక్కోదానికీ ఒక్కో మాట అని విసుక్కోకండి. మనం మాత్రం తక్కువ తిన్నామా? అరటిపళ్ళకి గెల, హస్తం. కరివేపాకుకి రెబ్బ. కొత్తిమీరకి కట్ట. తాళాలకి గుత్తి. పసుపుకి కొమ్ము. పనసకి తొన. మల్లెపూలకి మూర. గొర్రెలకి మంద, చీమలకి బారు. ఇడ్లీలకైతే వాయి! "ఒక మూర కొత్తిమీర ఇవ్వవయ్యా" అంటే కూరలబ్బాయి మన మొహం వంక ఎలా చూస్తాడో, ఇంగ్లీషులో మనం మాట మార్చి వాడితే వాళ్ళూ అలాగే చూస్తారు. అంతే తేడా.

వంటింట్లో పనికొచ్చేవి కొన్ని రాస్తున్నాను. అరటిపళ్ళకీ, ద్రాక్షకీ, తాళాలకీ, పూలకీ కూడా 'బంచ్ ఆఫ్' అనే ఒక్కమాట చాలు. మనకంటే వాళ్ళకే సుఖం! చిటికెడు ఉప్పు 'పించ్ ఆఫ్ సాల్ట్'. కరివేపాకు, కొత్తిమీర రెబ్బ 'స్ప్రిగ్'. దాల్చినచెక్క 'స్టిక్'. మొక్కజొన్న పొత్తు 'ఇయర్ ఆఫ్ కార్న్', వినడానికి చెవి మాటలాగే ఉంటుంది! క్యాబేజీ, కాలీఫ్లవర్ పువ్వులకి 'హెడ్'. బ్రెడ్డుకి 'లోఫ్', కోసిన ముక్కకి 'స్లైస్'. మన ఇడ్లీ వాయికి 'బ్యాచ్' అనే మాట చక్కగా సరిపోతుంది.

డజను దగ్గర జాగ్రత్త. 'ఎ డజన్ ఎగ్స్', 'టూ డజన్ ఎగ్స్' అనాలి. మధ్యలో 'ఆఫ్' పెట్టకూడదు. డజన్లకొద్దీ అని చెప్పేటప్పుడు మాత్రం 'డజన్స్ ఆఫ్ ఎగ్స్'. అమెరికా వంటల పుస్తకం చూసి చేసేవాళ్ళకి ఇంకోమాట. వాళ్ళ కప్పు మనం టీ తాగే కప్పు కాదు, సుమారు 240 మిల్లీలీటర్ల కొలత. 'ఎ స్టిక్ ఆఫ్ బటర్' అంటే పుల్ల కాదు, సుమారు 113 గ్రాముల వెన్న దిమ్మ, వాళ్ళ లెక్కలో అరకప్పు.

ఇక మనల్ని ఎక్కువగా తికమక పెట్టేది ఒకటీ అనేకమూ. మనకి పాలు పొంగాయి, నీళ్ళు కాగాయి, డబ్బులు అయిపోయాయి. అన్నీ బహువచనాలే! ఇంగ్లీషులో మిల్క్, వాటర్, మనీ మూడూ ఏకవచనాలే. అందుకే మన నోటికి 'మిల్క్ ఆర్' అని వచ్చేస్తుంది. అది మన తెలివితక్కువతనం కాదండీ, మన తెలుగు అలవాటు. లెక్క చెప్పాలంటే పాలని కాక గిన్నెని లెక్కపెట్టాలి. 'టూ గ్లాసెస్ ఆఫ్ మిల్క్', 'త్రీ ప్యాకెట్స్ ఆఫ్ మిల్క్' అన్నమాట.

ఫర్నిచర్, లగేజ్, అడ్వైస్, ఇన్‌ఫర్మేషన్ అనే నాలుగు మాటలకీ చివర 'స్' చేర్చకూడదు. ఒక్కటి చెప్పాలంటే 'ఎ పీస్ ఆఫ్ ఫర్నిచర్', 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' అనాలి. సలహాకి కూడా ముక్క! నేను స్కూల్లో టీచర్ల ముందు ఇంగ్లీషు మాట్లాడతానంటే "అమ్మా, నువ్వు మాట్లాడకు" అని చెయ్యి నొక్కిన మా అబ్బాయే, మొన్న వ్యాసంలో 'ఫర్నిచర్స్' అని రాశాడు. పెన్సిలుతో చిన్న గీత పెట్టి ఊరుకున్నాను. వాడు డిక్షనరీ తీసి చూసుకుని, ఏమీ అనకుండా దిద్దుకున్నాడు. ఆ రాత్రి ఇంకో వ్యాసం తనే తెచ్చి "ఇది కూడా ఓసారి చూడమ్మా" అన్నాడు. ఇంటర్ తో ఆగిపోయిన నా చదువుకి అంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి చెప్పండి?

వాడికి చెప్పిన సూత్రం మీకూ చెబుతాను. 'ఎ నంబర్ ఆఫ్ గర్ల్స్' అంటే చాలామంది ఆడపిల్లలు, కాబట్టి 'ఆర్'. 'ది నంబర్ ఆఫ్ గర్ల్స్' అంటే ఆ సంఖ్య, అది ఒక్కటే, కాబట్టి 'ఈజ్'. సిజర్స్, అంటే మన కత్తెర, ఒక్కటే అయినా 'సిజర్స్ ఆర్'. అదే 'ఎ పెయిర్ ఆఫ్ సిజర్స్' అంటే 'ఈజ్'. పోలీస్ కి ఎప్పుడూ 'ఆర్'. టీమ్, ఫ్యామిలీ లాంటి మాటల దగ్గర అమెరికావాళ్ళు సాధారణంగా 'ఈజ్' అంటారు. బ్రిటన్ వాళ్ళు ఒక్కటిగా తలిస్తే 'ఈజ్', లోపలున్న మనుషుల్ని తలిస్తే 'ఆర్' అంటారు. కుటుంబం ఒక్కటా, పదిమందా? ఉమ్మడి కాపురం చేసిన మనకి ఈ సందేహం కొత్తదేం కాదు!

ఇంకో తమాషా చెప్పనా? 1486లో ఇంగ్లండులో 'బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్' అని వేట గురించిన పుస్తకం ఒకటి అచ్చయింది. గుంపుల పేర్ల పట్టిక ఒకటి అందులో ఉంది. సింహాల గుంపుకి 'ప్రైడ్', అంటే గర్వం. కాకుల గుంపుకి 'మర్డర్', అంటే హత్య. బాతుల గుంపుకి 'గాగిల్'. ఆడవాళ్ళ గుంపుకీ ఆ బాతుల మాటే! భార్యల గుంపుకైతే 'ఓర్పులేమి' అనే అర్థం వచ్చే మాట పెట్టారు. వంటవాళ్ళ గుంపుకి 'తొందర' అని పెట్టారు. అదొక్కటీ ఒప్పుకుంటాను, పొద్దున్న ఎనిమిది గంటలకి మన వంటిళ్ళు చూస్తే ఎవరైనా అదే పేరు పెడతారు. ఈ పేర్లలో చాలావాటిని ఇప్పుడు మామూలు మాటల్లో వాడరు. పక్షుల గుంపు దేనికైనా 'ఫ్లాక్' అంటే సరిపోతుంది. కాబట్టి పిల్లల చేత పెద్ద పెద్ద పట్టికలు బట్టీ పట్టించకండి.

చివరిగా నవ్వులాటకి కాని మాట ఒకటి. మా అబ్బాయి ఏడాది పిల్లాడప్పుడు దగ్గు మందు తెచ్చాం. సీసా మీద 'వన్ టీస్పూన్‌ఫుల్' అని ఉంది. నా కళ్ళకి 'స్పూన్‌ఫుల్' ఒక్కటే కనబడింది. కూర వడ్డించే పెద్ద చెంచా తీసి నిండా పోశాను. పిల్లాడి నోటి దగ్గరికి వెళ్ళిన చెయ్యిని మా వదిన గబుక్కున పట్టుకుంది. టీస్పూన్ 5 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూన్ 15. ఒకటికి మూడింతలు! ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

అందుకని పిల్లల మందు ఎప్పుడూ చెంచాతో కొలవకండి. సీసాతో వచ్చిన గీతల మూతతోనే కొలవండి. చీటీలో రాసింది అర్థం కాకపోతే డాక్టరుగారిని మళ్ళీ అడగండి, సిగ్గుపడకండి. సూప్ చెడితే పారబోసి ఇంకోటి పెట్టుకోవచ్చు. మందు అలా కాదు కదా!

రేపటినుంచి వంట చేస్తూ చేతిలోకి తీసుకున్న ప్రతి వస్తువునీ ఇంగ్లీషులో ఎలా కొలుస్తారో ఒక్కసారి అనుకుని చూడండి. వారం తిరిగేసరికి పాతిక మాటలు మీ సొంతం. తట్టనివి ఉంటే ఉత్తరం రాయండి, కలిసి వెతుక్కుందాం. ఉంటానండీ, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి!