డ్రాప్‌డౌన్‌లో దొరకని అమ్మభాష

పోయిన నెల మా టీమ్ ఒక యాప్‌కి ప్రొఫైల్ పేజీ చేసింది. పేరు, వయసు, జిల్లా, మాతృభాష. ఆ మాతృభాష డ్రాప్‌డౌన్ రాసింది నేనే. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న 22 భాషలూ దించేసి, ఇంగ్లిష్ కలిపి, అడుగున ‘ఇతర’ అని ఒకటి తగిలించి, పని అయిపోయిందనుకున్నా. టెస్టింగ్ కోసం లింక్‌ని నలుగురు దోస్తులకు పంపిన. వాళ్లలో ఒకడు తిమ్మాజిపేటలో నాతో పాటు చదువుకున్నోడు. వాళ్లది ఊరి బయట తాండా. పది నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది.

“భై, మా భాష ఏడ పెట్టినవ్‌రా? హిందీ కొట్టాల్నా, ఇతర కొట్టాల్నా?”

వాడు నవ్వుతూనే అడిగిండు. నాకే నవ్వు రాలేదు. ఐదో తరగతిలో ఒకరోజు వాళ్లమ్మ బడి గేటు దగ్గరికి టిఫిన్ డబ్బా తెస్తే, వాడు ‘యాడి’ అని పిలుస్తూ ఉరికిండు. యాడి అంటే లంబాడీలో అమ్మ. క్లాసంతా నవ్వినం. నేనూ నవ్విన. మర్నాటి నుంచి ఆమె గేటు దగ్గరికొస్తే వాడు తెలుగులోనే మాట్లాడేటోడు. ఆమెకేమో అప్పట్లో తెలుగు సగం సగమే వచ్చు.

ఆ రాత్రి లంబాడీ ఏ భాషకు చుట్టమో చూద్దామని ఫోన్ పట్టుకున్నా. లింకు మీద లింకు నొక్కుకుంటూ పోతే, అర్ధరాత్రికి బోర్నియో దీవిలో తేలిన!

విషయమేంటంటే, ఆఫ్రికా తీరానికి సుమారు 400 కిలోమీటర్ల దూరంలో మడగాస్కర్ ఉంది కదా, అక్కడి మలగాసీ భాష పక్కనున్న ఆఫ్రికా భాషల కుటుంబానికి చెందింది కాదు. దాని దగ్గరి చుట్టాలు సముద్రం అవతల, ఏడు వేల కిలోమీటర్ల దూరాన, ఇండోనేషియాలో ఉన్నాయి. బోర్నియోలోని బరితో నది ప్రాంతంలో మాట్లాడే మాన్యాన్ వాటిలో ఒకటి. ఓటో క్రిస్టియన్ డాల్ అనే నార్వే ఆయన మడగాస్కర్‌లో మిషనరీగా పనిచేసి, ఈ రెండు భాషల్నీ పక్కపక్కన పెట్టి 1951లో ఒక పుస్తకమే రాశాడు. మాన్యాన్‌లో ఏడుకి ‘పితు’, మలగాసీలో ‘ఫితు’. నాలుగుకి ఇక్కడ ‘ఎపత్’, అక్కడ ‘ఎఫత్ర’. ‘ప’ ఉన్నచోట ‘ఫ’ వస్తోంది, అదీ ఒక వరసలో. ఏవో రెండు మాటలు కలిస్తే యాదృచ్ఛికం అనుకోవచ్చు. వరస కలిస్తే చుట్టరికమే. కోడ్ రాసేవాళ్లకు చెప్పాలంటే ఫైండ్ అండ్ రీప్లేస్ పనిచేస్తోందన్నమాట.

దీనికి అంత దూరం పోనక్కర్లేదు. గద్వాల దాటి రాయచూరు వైపు వెళ్లినోళ్లకు తెలుసు: మన పాలు వాళ్లకు హాలు, పులి హులి, పంది హంది. అలాగని కన్నడమే మనకు అందరికంటే దగ్గరి చుట్టం అనుకోకండి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి వర్గీకరణ ప్రకారం తెలుగు గోండి, కువి, కొండ భాషలున్న శాఖది. కన్నడం తమిళంతో పాటు ఇంకో శాఖలో ఉంటుంది. లిపి చూసి చుట్టరికం కలుపుకుంటే ఇలాగే అవుతుంది.

ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేను. మడగాస్కర్‌లో కొన్నిచోట్ల నెలల పేర్లలో ‘ఫోస’, ‘మాక’ ఉన్నాయి. మన పుష్యం, మాఘం! సంస్కృతం మాటలు ఇండోనేషియా మీదుగా పడవలెక్కి అక్కడిదాకా పోయాయి. ఇక ఆవుకు వాళ్లు వాడే ‘ఊంబి’ మాత్రం ఆఫ్రికా నుంచి తీసుకున్న మాట. మాటలు ఎక్కడివైనా తెచ్చుకోవచ్చు, భాష పుట్టిల్లు మాత్రం మారదు.

మళ్లీ మా తాండాకొస్తా. లంబాడీలది కూడా ఇట్లాంటి కథే, కాకపోతే పడవల బదులు ఎడ్లు. తాండా అనే మాటకు ముందు అర్థం ఊరు కాదు, సరుకు మోసే ఎడ్ల బిడారు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే, ధాన్యం, ఉప్పు మోసుకుంటూ పది పన్నెండు వేల ఎడ్లు ఒకేసారి నడిచే బిడార్ల గురించి రాశాడు. మొఘలుల సైన్యాలకు తిండిగింజలు మోస్తూ చాలామంది దక్కనుకు వచ్చారు. తర్వాత రైళ్లొచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాయి. ఎడ్లు ఆగిన చోట ఊళ్లు లేచాయి. భాష మాత్రం రాజస్థాన్ వైపుదే. హిందీలో ‘హై’ అనేచోట లంబాడీలో ‘ఛ’ అంటారు. జైపూర్ వైపు ‘ఛై’, గుజరాతీలో ‘ఛే’. నీళ్లు హిందీలో ‘పానీ’, లంబాడీలో, రాజస్థానీలో ‘పాణి’. ఈ ‘ణ’ గుజరాతీ, మరాఠీల్లోనూ ఉంది కాబట్టి ఈ ఒక్క మాటతో కేసు గెలవలేం. కానీ హిందీ వైపు వేలు చూపించడం కష్టమే.

అయినా మన జనగణన చేసింది అదే. 2011 లెక్కల్లో లమానీ/లంబాడీ మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే. వాళ్లందర్నీ కలిపింది హిందీ పద్దులో. మా దోస్తు ‘హిందీ కొట్టాల్నా’ అని జోక్ చేశాడనుకున్నా గానీ, వాడు సర్కారు లెక్క ప్రకారమే అడిగిండు.

మర్నాడు మీటింగ్‌లో లంబాడీ చేరుద్దామన్నా. “యూజర్లు ఎంతమంది ఉంటారు?” అన్నారు. లిస్టులో ఆల్రెడీ ఉన్న కొంకణికి అదే లెక్కల్లో 22 లక్షలు, బోడోకి 14 లక్షలు అని చూపించిన. ఆ రెండూ ఉండాల్సిందే, అందులో గొడవ లేదు. “మరి లిపి ఏది?” అన్నారు. సొంత లిపి లేదు, ఇక్కడ తెలుగులో రాస్తారు, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడంలో. డ్రాప్‌డౌన్‌కి లిపితో పనేముంది, పేరుంటే చాలు కదా! ఒప్పుకున్నారు.

చుట్టరికం చూస్తే మాన్యాన్, మలగాసీ ఒకే గుంపువి. మలగాసీ ఒక దేశానికి జాతీయ భాష, కోట్ల మంది మాట్లాడతారు. మాన్యాన్‌కు లక్షన్నర మంది దాకా ఉన్నారు. ఒకటి దీవి దొరికి పెద్దదైంది. లంబాడీకి జనం ఉన్నారు, దీవే లేదు. ఐదారు రాష్ట్రాల్లో, ప్రతిచోటా ఊరి బయట ఉంది.

2027 జనగణనలో మాతృభాష మళ్లీ అడుగుతారు. మా దోస్తు బిడ్డకు ఆరేళ్లు, హైదరాబాద్‌లో ఇంగ్లిష్ మీడియం. తాండాకు పోతే నానమ్మ మాట అర్థమైతది గానీ జవాబు తెలుగులో ఇస్తదట. “ఆ పిల్లకు ఏం రాయిస్తవ్ రా?” అని అడిగిన. చాలాసేపు ‘టైపింగ్’ అని చూపించి, ఆగిపోయింది.

డ్రాప్‌డౌన్‌లో పేరు ఎట్ల రాయాలో తేల్చుకోవాల్సి వచ్చింది. లంబాడీ అన్నది బయటోళ్లు వాడే పేరు, వాళ్లు తమ భాషను గోర్ బోలి అనుకుంటారు. ఏది పెట్టమంటవ్ అని వాడికే మెసేజ్ పెట్టిన. “యాడిని అడిగి చెప్త” అన్నడు. సాయంత్రం ఆమె గొంతుతోనే ఒక వాయిస్ వచ్చింది. నలభై సెకన్లు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చివర్లో ‘ఛ’ అని మాత్రం రెండుసార్లు వినబడింది.