నాలుగో జ్వరం లేచిన రోజే రోడ్డు మాట కూడా చెప్పుకుందాం



ఈసారి ఆకు గురించి కాదు, గూళ్ల ధర గురించి కాదు, రోడ్డు గురించి రాస్తున్నాను. పట్టుపురుగుల గ్రూపులో రోడ్డు గోల ఎందుకు అనుకోకండి. కడదాకా చదవండి, ఆ తర్వాత మీ మాట చెప్పండి.

పురుగుకు జబ్బు వచ్చాక మందు లేదని మనందరికీ తెలుసు. పాల రోగమైనా సున్నపుకట్టు రోగమైనా రాకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది. అందుకే షెడ్డు కడుగుతాం, బ్లీచింగ్ చల్లుతాం, సున్నం వేస్తాం, కాళ్లు కడుక్కోకుండా సొంత బావమరిదినైనా లోపలికి రానివ్వం. ఇంత నియమం ఉన్న మనం, షెడ్డు గడప దాటి బండి ఎక్కగానే ఆ నియమమంతా అక్కడే వదిలేస్తున్నాం.

పోయిన ఏడాది మా పక్క ఊళ్లో ఒక తమ్ముడు పోయాడు. పురుగులు ఐదో దశలో ఉన్నాయి. సాయంత్రం ఆకు కోసి, ఎక్సెల్ బండి వెనక కొమ్మల మోపు కట్టుకుని తోట నుంచి ఇంటికి వస్తున్నాడు. మోపు కిందికి వేలాడి వెనక లైటును కప్పేసింది. చీకటి పడే వేళ. వెనక వచ్చిన కారువాడికి పచ్చని కొమ్మలే తప్ప బండి కనిపించలేదు. ఇంటికి ఇక రెండు కిలోమీటర్లే. తలకు హెల్మెట్ లేదు. జనం చేరారు గానీ ముట్టుకుంటే పోలీసు కేసు అవుతుందేమోనని చాలాసేపు ఎవరూ చెయ్యి వేయలేదు. మర్నాడు పొద్దున్నే షెడ్డులో పురుగులు ఆకు కోసం తలలెత్తి చూస్తున్నాయి. ఆ పంటను ఊరివాళ్లమే తలా ఒక పూట మేపి చంద్రికలు ఎక్కించాం. గూళ్లు బాగానే వచ్చాయి. ఆ డబ్బు చేతిలో పెడితే ఆ చెల్లెలు లెక్క కూడా చూసుకోలేదు.

అప్పటి నుంచి ఒకటే అనుకుంటున్నాను. మన పంటకు ఒక లెక్క ఉన్నట్టే మన ప్రమాదానికీ ఒక లెక్క ఉంది. పురుగు జీవితమంతా తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఐదో దశలోనే తింటుంది. ఆ ఏడెనిమిది రోజులూ మనకు నిద్ర సరిగా ఉండదు. తెల్లారకముందు ఒక ట్రిప్పు, చీకటి పడ్డాక ఒక ట్రిప్పు, మోపు పెద్దది, కళ్లు మండుతుంటాయి. ఆ తర్వాత గూళ్లు విడదీయడం, మూటలు కట్టడం. మంచి ధర కోసం ధర్మపురికో రామనగరకో రాత్రి ప్రయాణం. ఉడుమలైపేట, పొల్లాచ్చి వైపు నుంచి పోయినా, తేని, దిండిగల్ వైపు నుంచి పోయినా సేలం దాటాక తొప్పూరు ఘాట్ ఎక్కాల్సిందే, వచ్చేటప్పుడు దిగాల్సిందే. దిగుడులో బ్రేకు పట్టని లారీలు ముందు బండ్ల మీద పడటం అక్కడ ఎన్నిసార్లు జరిగిందో పేపర్లో చూస్తూనే ఉన్నాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో డ్రైవరు మూడు సెకన్లు కునుకు తీస్తే బండి 50 మీటర్లు తనంతట తానే పోతుంది. పురుగులతో రెండు వారాలు మేలుకున్న మనిషికి మూడు సెకన్ల కునుకు ఎంత పని?

ఏటా జనవరిలో రోడ్డు భద్రత కార్యక్రమాలు జరుగుతాయి. ర్యాలీ తీస్తారు, కరపత్రాలు పంచుతారు, స్కూలు పిల్లలు ప్లకార్డులు పట్టుకుని నడుస్తారు. మంచిదే, వద్దనను. కానీ మన ఐదో దశ జనవరికి మాత్రమే రాదు, ఏడాదికి చాలాసార్లు వస్తుంది. మనిషి ప్రమాదంలో ఉన్న వారంలో చెప్పిన మాట పని చేస్తుంది గానీ, నాలుగు నెలల ముందు చెప్పిన మాట ఎవరికి గుర్తుంటుంది?

లెక్కలు చూడండి. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 44 మందికి పైగా రెండు చక్రాల బండ్ల మీద పోయినవాళ్లే. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది అని కేంద్రం లెక్క. మన తమిళనాడులో 2016లో 17,218 మంది పోతే, 2019 నాటికి అది 10,525కు దిగింది. 2022లో మళ్లీ 17,884కు ఎక్కింది. తగ్గించవచ్చని దీంతో తెలుస్తోంది. ఒకసారి తగ్గింది గదా అని చేతులు దులుపుకుంటే కుదరదని కూడా తెలుస్తోంది. ఒక పంట బాగా వచ్చిందని రెండో పంటకు షెడ్డు కడగడం మానేస్తామా?

ఒక్కరు తలుచుకుంటే ఏమవుతుంది అనేవాళ్లకు మన కోయంబత్తూరునే చూపిస్తాను. ఇక్కడి గంగా ఆసుపత్రి ఎముకల డాక్టరు ఎస్. రాజశేఖరన్ గారు 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసులోనే 2014లో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ గారి కమిటీ వచ్చింది, 2017 నవంబరులో దేశమంతటికీ రోడ్డు భద్రత ఆదేశాలు వచ్చాయి. విరిగిన ఎముకలు అతికించే ఆయనే, అవి విరగకుండా చూడాలని కోర్టు మెట్లెక్కారు. మన షెడ్డు నియమం కూడా ఇదే గదా.

పళని పాదయాత్ర చూడండి. తైపూసం రోజుల్లో రాత్రంతా రోడ్డు వెంట నడిచే భక్తుల సంచులకు, కర్రలకు మెరిసే స్టిక్కర్లు అంటిస్తారు. దూరం నుంచే బండివాడికి మనిషి ఉన్నాడని తెలుస్తుంది. మన ఆకు మోపుకు ఆ స్టిక్కర్ ఎందుకు అంటించం?

అందుకే నా కోరిక ఇది. చాకీ సెంటర్లు పురుగులు ఇచ్చే రోజే రైతు చేతిలో రెండు మూరల ఎర్ర రిఫ్లెక్టర్ టేపు కూడా పెట్టాలి. పట్టు శాఖ సిబ్బంది ఐదో దశలో షెడ్డు చూడటానికి వచ్చినప్పుడు బండి వెనక లైటు కూడా ఒకసారి చూడాలి. నాలుగో జ్వరం లేచిన రోజు మన గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ రావాలి, మన ఇంటి తెలుగులో. మనకు తమిళం రాక కాదు. ఇంట తెలుగు, వీధిలో తమిళం అని తరతరాలుగా బతుకుతున్నాం. కానీ వీధి మైకులో వినిపించేది పోలీసు మాట. "నాయనా, టోపీ పెట్టుకుని పో" అని అమ్మ ఇంటి భాషలో అంటే అది మన మాట అవుతుంది.

"తోట రెండు కిలోమీటర్లే, దానికి హెల్మెట్ ఏంటి మామా" అని కుర్రాళ్లు నవ్వుతారు. ఆ తమ్ముడికి కూడా రెండు కిలోమీటర్లే. "ఆలస్యమైతే ధర పడిపోతుంది" అని పెద్దవాళ్లు అంటారు. నిజమే, గూళ్లు ఆగవు. అందుకే ముందే సర్దుకోవాలి. నలుగురు కలిసి ఒక బండి మాట్లాడండి. పగలంతా పని చేసిన డ్రైవరును రాత్రి పంపకండి, ఇద్దరు డ్రైవర్లు ఉంటే మరీ మంచిది. చంద్రికల దగ్గర మేలుకున్న మనిషి స్టీరింగ్ పట్టకూడదు. ఆకు మోపు లైటు కిందికి రాకుండా కట్టండి, మోపు వెనక టేపు అంటించిన గోనెపట్టా ఒకటి వేలాడదీయండి.

ఎవరైనా రోడ్డు మీద పడి ఉంటే భయపడకండి. 108కు కొట్టండి. కాపాడినవాళ్లను కేసులో ఇరికించకూడదని మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ చెబుతోంది. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. తమిళనాడు సర్కారు 2021 డిసెంబరులో మొదలుపెట్టిన 'ఇన్నుయిర్ కాప్పోం' పథకం కింద, గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో తొలి 48 గంటల చికిత్సకు మన చేతి డబ్బు కట్టనక్కర్లేదు. ఆ సాయంత్రం అక్కడ నిలబడ్డవాళ్లలో ఒక్కరికి ఈ రెండు సంగతులు తెలిసి ఉన్నా బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు మీ షెడ్డులో పురుగులు నాలుగో జ్వరంలో ఉంటే, ఈ రాత్రే లేచి బండి వెనక లైటు వెలుగుతోందో లేదో చూడండి. చూశాక గ్రూపులో "చూశాను" అని ఒక్క మాట పెట్టండి. తెలుగు చదవడం రాని ఇంటివాళ్లకు ఇది చదివి వినిపించండి.