అమ్మవారి పద్దుకి ఆడిట్ లేదా?

ఇక్కడ కర్గీ రోడ్‌లో మా పెరట్లో 14 కోళ్లుండేవి. కొక్కెర తెగులుకి 9 పోయాయి, మెడలు మెలితిరిగి, ఆకుపచ్చగా విరేచనాలై.

"టీకా వేయించాకే చచ్చాయి కదండీ!" అన్నాడు మా వీధి తెలుగాయన. ఆయన అమ్మవారికి ఓ కోడిని కోశాడు, మిగతావి బతికాయట.

నేను డిఫెన్సు అకౌంట్సులో పనిచేసినవాణ్ణి. తేదీ చూడకుండా ఏ పద్దూ ఒప్పుకోను. పక్కింటి కోళ్లు రాలడం మొదలయ్యాకే నేను టీకాకి పరుగెత్తాను. ఈ వైరస్ సోకాక లక్షణాలు కనబడేసరికి సాధారణంగా అయిదారు రోజులు పడుతుంది. టీకా పనిచెయ్యడానికీ రోజులు కావాలి. తప్పు నాదే. 14 కోళ్లకి 100 డోసుల సీసా దండగనుకున్నాను. కలిపిన మందు గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి మరి. నాలుగిళ్లు కలిస్తే సరిపోయేది. (జాతర చందాకైతే అందరూ కలుస్తారు!)

ఇక ఆయన పద్దు. ఆయనవీ నాలుగు చచ్చాయి, అవి లెక్కలో రాయలేదు. బతికినవి అమ్మ దయ, చచ్చినవి తలరాత! పైగా కోసింది జబ్బు కోడినే. దాని పేగులూ ఈకలూ కాలవలో పారేశాడు. వైరస్ వాటిల్లోనూ ఉంటుంది.

ఈసారి కోడిపిల్లలకి మొదటి వారంలోనే లసోటా చుక్క వేయిస్తున్నాను. మిగతా డోసులు వాడుకోమని ఆయనకీ కబురు పెట్టాను. ముహూర్తం చూసి చెప్తానన్నాడు.